దేవదాసు: విరాగియా, రోగియా?

శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని ‘దేవదాసు’ 1917లో వంగభాషయందు గ్రంథరూపమున వెలువడెను. చక్రపాణి మొదలగువారి యనువాదములచే శరత్తు రచనలు తెలుగిండ్లలో సొంత సొత్తువలె చెల్లినవి. 1953 నాటి తెలుగు చలనచిత్రముతో దేవదాసు మనకు కల్పితపాత్రయని తోచుట మాని చుట్టమే యయ్యెను. నేటికిని ప్రేమ విఫలమై త్రాగువానిని ఆ పేరనే పిలుతుము. ఆ పిలుపునందు పరిహాసమెంత కలదో గౌరవమును అంతయే కలదు. ఆ గౌరవముతోడనే నాకు వివాదము.

నా చిన్ననాట మా మేనమామ త్రాగుచుండెను. ఆ చిత్రము మా యూరికి మరల వచ్చినపుడు ఇంటిల్లిపాదియు చూడ బోయితిమి. పార్వతి గుమ్మముముందు దేవదాసు ప్రాణము విడుచుచుండగా మా యమ్మమ్మ కొంగుతో కన్నులొత్తుకొనెను. ఇల్లు చేరుసరికి మామయ్య అరుగుమీద పడియుండెను. తడి యింకను ఆరని కన్నులతోనే అమ్మమ్మ తలుపు గడియ వేయించెను. ఆమెను నిందింపను. ఏండ్ల తరబడి పడిన విసుగు ఆ గడియలో కలదు. కాని తెరమీది తలుపు మూసినందులకు ఏడ్చినవారము, మన తలుపు మూయునపుడు ఏ విరోధమును తోపకపోవుట యేల?

నవలను నెమ్మదిగా చదివి చూడుడు. కలకత్తా వీథిలో మత్తుడై పడియున్న దేవదాసును చంద్రముఖి యింటికి గొనివచ్చి శుశ్రూష చేయును, వైద్యుని పిలిపించును. కాలేయము చెడినదని తేలును. కొంత తేఱినపిదప గాలిమార్పునకై అతడు బయలుదేఱును. తోడు వత్తునని చంద్రముఖి యన్నను ఒప్పుకొనడు. దేశసంచారమున పాతమిత్రుడు తటస్థపడగానే మద్యము మరల చేరువయగును. వైద్యుడు కాలేయమును చూచెనే కాని, త్రాగించు దుఃఖమును చూడడయ్యెను. మానిన యలవాటు ఒంటరితనమునందును పాతస్నేహమునందును పొంచియుండునని రచయిత యెఱుగును. ఆ నవలలో చికిత్సాలయమని చెప్పదగినది చంద్రముఖి యిల్లొక్కటియే. మనము పార్వతికై ఏడ్చితిమి. చంద్రముఖి చేసిన పనిని మఱచితిమి.

మన సంస్కరణ వాఙ్మయముకూడ ఈ మఱపునుండి తప్పించుకొనలేదు. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యామోహమునకు ‘చింతామణి’, కట్నమునకు ‘వరవిక్రయము’ వలెనే, త్రాగుడునకు ‘మధుసేవ’ను వ్రాసిరి. ఇట్టి రచనల మేలు కాదనరానిది. అయినను త్రాగుబోతు కథకు మనవారు సాధారణముగ రెండే ముగింపులెఱుగుదురు: సర్వనాశనము, లేదా శపథము. 1992లో దూబగుంట స్త్రీలు మొదలిడిన సారా వ్యతిరేకోద్యమము 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో ఆ నిషేధము సడలెను. అంగడి మూయించుట ఆ తల్లుల పని. వారు చేసి చూపిరి. అంగడి మూసిన మఱునాడు వణకు చేతిని పట్టుకొనువారెవరన్న ప్రశ్న మాత్రము మన రచయితలకు వస్తువు కాలేదు.

శపథమన్న జ్ఞప్తికి వచ్చినది. మా మామయ్య ఒకమారు దేవుని పటముముందు ఒట్టుపెట్టుకొని ఒక్కసారిగా మానెను. మఱునాడు చేతులు వణకినవి. మూడవనాడు లేని పురుగులు గోడమీద ప్రాకుచున్నవని కేకలు వేసెను. దయ్యము పట్టినదనిరి, కడకు మరల సారాయే పోసిరి. దీర్ఘకాలము విస్తారముగ త్రాగినవాడు హఠాత్తుగ మానినయెడల రెండుమూడు దినములలో మూర్ఛలును చిత్తభ్రమయు కలుగవచ్చుననియు, అది ప్రాణాపాయకరమనియు, మందులతో నివారింపదగినదే యనియు నేడు వైద్యులు చెప్పుదురు. నాడు మా యింట చెప్పువారు లేకపోయిరి.

అట్టివానికి కొన్నాళ్లు ఆస్పత్రిలో నుండుట అవసరము. తక్కిన పెక్కుమందికి ఇల్లు విడువనక్కఱలేదు. వారమున కొకసారి వైద్యశాలకు వచ్చుట, కోరికను తగ్గించు మందు, త్రాగుడు వెనుకనున్న దిగులునకును అప్పుడే చికిత్స, భార్యతో తల్లితో మాటలాడుట, తప్పిననాడు తిట్టక మరల రమ్మనుట: ఇదియే ఆ పద్ధతి. మరల త్రాగుట మధుమేహ రోగికి చక్కెర పెరుగుటవంటిది. అది చికిత్స సవరించుకొనుటకు హేతువే కాని వెలివేయుటకు కాదు. 1980లో మద్రాసున వెలసిన టి.టి. రంగనాథన్ సంస్థ ఇట్టి చికిత్సను తమిళనాటి పల్లెలలో శిబిరములుగ నడపి చూపినది.

ఇక ప్రభుత్వము మాట. జిల్లా మానసికారోగ్య కార్యక్రమము 1996లోనే మొదలైనది. 2017 నాటి చట్టము మద్యాది వ్యసనములవలని మనోవికారములను మానసికవ్యాధులలో చేర్చి, చికిత్స పొందుట హక్కని చాటినది. 2022 నుండి 14416 అను సంఖ్యకు ఉచితముగ ఫోనుచేసి సలహా పొందవచ్చును. అయినను 2015–16 జాతీయ సర్వేక్షణము ప్రకారము మద్యవ్యసన పీడితులలో 100 మందికి సుమారు 86 మంది చికిత్సకు దూరముగనే యున్నారు. వైద్యుల కొఱత ఒక కారణము. రెండవది మనము. రోగియనిన సిగ్గుపడి త్రాగుబోతు అనుటకు వెనుదీయము. దేవదాసు అని మురిసికొందుము.

శరత్తును తప్పుపట్టను. కడపటి పుటలో ఆయన ఆ యభాగ్యునివలె చావవలదనియే కోరెను. చనిపోవు వేళనైన ఒక స్నేహహస్తము నుదుట సోకవలెనని వేడుకొనెను. ఆదర్శముగ గొనుడని యెన్నడును చెప్పలేదు. దోషము చదువరులమగు మనది. ఆ చేయి మరణవేళవఱకు ఆగనేల? సోమవారమునాడు వైద్యశాల వరుసలో మగని ప్రక్క చీటీ పట్టుకొని నిలుచున్న యిల్లాలి కథను మన రచయితలు వ్రాయుదురుగాక. అందు మరణములేదు, శపథములేదు. మఱుసటి సోమవారము మాత్రము కలదు. మా మామయ్యకు ఆ సోమవారము దొరకలేదు.