రాడార్ గన్, ఎత్తు వరస

ఈ వారం టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మా అమ్మాయి ఒక కాగితం ఫొటో పంపింది. మా మనవరాలు అక్కడ 12 ఏళ్ళ లోపు పిల్లల సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడుతుంది. కోచ్ పిల్లలందరి చేతా టీ అనే నిలువు కడ్డీ మీద పెట్టిన బంతిని కొట్టించి, బ్యాట్ తగిలాక అది ఎంత వేగంతో పోయిందో రాడార్ గన్‌తో కొలిచి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్లు పేర్చి తల్లిదండ్రులకు పంపాడట. దాన్ని అక్కడ ఎగ్జిట్ వెలాసిటీ అంటారు. మా పిల్లది గంటకు 48 మైళ్ళు, పేరు కింది నుంచి రెండోది. "నేను వీక్ హిట్టర్‌ని అమ్మమ్మా" అంది ఫోన్లో.

నాకు ఒళ్ళు మండింది. ర్యాంకుల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. ఎంసెట్ ఫలితాల మర్నాడు పేపర్లనిండా బారులు తీరే పాస్‌పోర్టు ఫొటోల గురించి ఎన్నిసార్లు రాశానో! ఆ జబ్బు పిల్లల ఆటకూ అంటిందా అనిపించి, అసలెలా కొలిచారో చెప్పమని అల్లుడి వెంటపడ్డాను.

విన్నాక కోపం ఇంకా పెరిగింది. బంతి తన వైపు వచ్చే వేగాన్నో, తన నుంచి దూరమయ్యే వేగాన్నో మాత్రమే రాడార్ గన్ పట్టుకుంటుంది. బంతి ఓరగా పోతే కొంత వేగం దానికి కనిపించదు. గన్ చూపుకూ బంతి దారికీ మధ్య 20 డిగ్రీల తేడా ఉంటే 50 మైళ్ళ బంతి 47గా పడుతుంది. గన్ పట్టుకున్నాయనేమో వల వెనక ఒక మూల నిలబడ్డాడు. మరి ఎడమకు లాగి కొట్టే పిల్లకూ, సూటిగా కొట్టే పిల్లకూ ఒకే న్యాయం ఎలా జరుగుతుంది? బ్యాట్ల సంగతి సరేసరి. కాంపోజిట్ బ్యాట్ గోడ బంతి తగలగానే లోపలికి నొక్కుకుని, తిరిగి బంతిని తోస్తుంది. వాడినకొద్దీ ఆ గుణం పెరుగుతుంది. ఎవరి బ్యాట్ వాళ్ళే తెచ్చుకుని కొట్టారు గనక ఆ జాబితాలో సగం పోటీ బ్యాట్ల మధ్యే జరిగింది.

అదే కాగితంలో ఉన్న పరుగు సమయాలదీ అదే కథ. హోమ్ నుంచి ఫస్ట్ బేస్‌కు 60 అడుగులు. స్టాప్‌వాచ్‌ని చేత్తో నొక్కితే, పిల్ల కదలడం చూసి వేలు కదిలేసరికే ఆలస్యమవుతుంది. ఎలక్ట్రానిక్ గేట్లు చూపే సమయం కన్నా సుమారు 0.2 సెకన్లు తక్కువ పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో పిల్ల మీటరు పైగా పరిగెత్తుతుంది. ఆ కాగితం మీద ముందువాళ్ళకూ వెనకవాళ్ళకూ మధ్య తేడా అంత కూడా లేదు.

వీటన్నిటికన్నా పెద్దది వయసు. ఆడపిల్లలు సాధారణంగా పన్నెండేళ్ళ దగ్గర్లో అతివేగంగా పొడుగవుతారు, ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా. ఒకే తరగతి పిల్లలిద్దరిలో ఒకరికి ఆ ఎదుగుదల అయిపోవచ్చు, ఇంకొకరికి మొదలే కాకపోవచ్చు. జాబితాలో మొదటి ముగ్గురూ మా పిల్ల కన్నా తలెత్తు పొడుగు.

పైగా టీ మీది బంతి కదలదు. మ్యాచ్‌లో 40 అడుగుల నుంచి 50 మైళ్ళ వేగంతో విసిరిన బంతి అర సెకను పైచిలుకులో మీదికొస్తుంది. 2004లో ఒక ప్రదర్శన మ్యాచ్‌లో జెన్నీ ఫించ్ విసిరిన సాఫ్ట్‌బాల్‌ను తాకలేక ఆల్బర్ట్ పుహోల్స్ అంతటి బేస్‌బాల్ ఆటగాడు స్ట్రైకవుట్ అయ్యాడు. ఆయన భుజాల్లో బలానికేం తక్కువ?

ఇదంతా కోచ్‌కు రాయమని అమ్మాయికి చెప్పబోతుంటే మా జిల్లా పరిషత్ హైస్కూలు గుర్తొచ్చింది.

అక్కడ కొలతలు లేవు. జోన్ ఆటల ముందు డ్రిల్ మాస్టారు ఆడపిల్లల్ని ఎత్తు వరసలో నిలబెట్టి, పొడుగువాళ్ళ వైపు నుంచి లెక్కపెట్టి త్రోబాల్‌కూ షాట్‌పుట్‌కూ పేర్లు రాసుకునేవారు. మిగిలినవాళ్ళం వేపచెట్టు కింద కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆయన చెడ్డవారు కాదు. ఎండలో మాతో సమానంగా నిలబడేవారు, బస్సు ఛార్జీలు సొంత జేబులోంచి పెట్టేవారు. పొడుగే బలమని ఆయన నమ్మకం, అంతే. మా తరగతిలో ఒక అమ్మాయి నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. సెలవు రోజుల్లో గొర్రెల వెంట వెళ్ళేది. దారి తప్పిన గొర్రెకు అవతల రాయి పడేలా విసిరి దాన్ని మందలోకి మళ్ళించేది. ఒక ఏడు ఇన్‌స్పెక్షన్ ఉందని స్టోరు గదిలోంచి టేపు బయటికొచ్చింది. ముగ్గుపిండితో గీతలు గీసి అందరి చేతా క్రికెట్ బంతి విసిరించారు. ఆమె బంతి ఆఖరి గీత దాటి కంచె దగ్గర పడింది. మాస్టారు నమ్మలేక రెండోసారి టేపు పట్టించారు. ఆ ఏడాది జోన్‌కు ఆ పిల్ల వెళ్ళింది. ఇన్‌స్పెక్షన్ రాకపోతే పదో తరగతి దాకా చెట్టు కిందే కూర్చునేది.

కొలవడం మానేస్తే వరస పోతుందా? మనిషి కంట్లో ఉండే వరస ఎక్కడికీ పోదు. ఎత్తూ, తండ్రి పలుకుబడీ అన్నీ అందులో చేరతాయి, పైకి కనిపించవు. తప్పుగా కొలిచిన 48ని మళ్ళీ కొలవండని అడగొచ్చు. "ఈ పిల్ల పనికిరాదనిపించింది" అన్నవారిని ఏమని అడుగుతాం?

కాబట్టి కోచ్‌కు వేరే ఉత్తరం వెళ్ళింది. గన్‌ని బంతి దారికి నేరుగా, టీ వెనకే పెట్టండి. ప్రతిసారీ అవే బంతులు, ఆ పిల్లకు అదే బ్యాట్. ఒక్క దెబ్బ కాదు, ఐదారు దెబ్బలు రాయండి. పక్కన తేదీ, పిల్ల ఎత్తు. పక్క పిల్ల అంకె వద్దు, మూడు నెలల కిందటి తన అంకె చాలు. వీలైతే బ్యాట్‌కు సెన్సర్ పెట్టి బ్యాట్ వేగం కూడా చూడండి. బ్యాట్ వేగం బాగుండి బంతి వేగం తగ్గిందంటే పిల్లకు బలం లేదని కాదు, బంతి సరైన చోట తగలడం లేదని. దానికి చేయించాల్సిన సాధన వేరు.

మన స్కూల్ గేమ్స్‌లోనూ అండర్ 14, 17, 19 సాఫ్ట్‌బాల్ ఉంది. మన బడుల్లో రాడార్ గన్‌లు లేకపోవచ్చు. నిలబడ్డచోటి నుంచి ముందుకు గెంతించి కొలవడానికి టేపు చాలు. నడుము తిప్పి మెడిసిన్ బాల్ విసిరిస్తే బ్యాట్ తిప్పే బలం చాలావరకు తెలుస్తుంది. సెలక్షన్ల రోజు తెల్లారకముందే బస్సెక్కి వచ్చిన పిల్లలకు సాయంత్రం పేర్లు మాత్రమే చదివి వినిపిస్తే చాలదు. ఎంపిక కాని పిల్లకు కూడా తన అంకెలు తేదీతో, సంతకంతో రాసివ్వాలి. వచ్చే ఏడు ఆ కాగితం పట్టుకొచ్చి "ఇప్పుడు కొలవండి సార్" అని ఆ పిల్ల అడగగలగాలి.