దయ్యం ఎవరి ఇంటిది?

దయ్యాల నవల చదివి మన పిల్లలు భయపడితే నవ్వి ఊరుకుంటాం. ఆ నవల ఎవరిని చూసి భయపడమంటోందో మాత్రం అడగం. గోదావరి గడ్డ మీద పుట్టిన ఇద్దరు రచయితల నవలల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది.

కందుకూరి వీరేశలింగం 1848లో రాజమండ్రిలో పుట్టారు. ఆయన 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో మొదలై 1880లో పుస్తకంగా వచ్చింది. ధవళేశ్వరంలోని ఒక బ్రాహ్మణ కుటుంబం కథ అది. బంగారం చేసిపెడతానన్న బైరాగి ఆ ఇంటి బంగారమే పట్టుకుపోతాడు. మంత్రాలనూ భూతవైద్యాన్నీ నవల ఇలాగే ఎండగడుతుంది. పైకి మర్యాదగా చెబుతూ లోపలి గుట్టు విప్పడమే వ్యంగ్యం. ఆ చురక తగిలింది రచయిత సొంత ఊరికి, సొంత కులానికి. మోసగాణ్ణి వెతకడానికి ఆయన కొండ ఎక్కలేదు.

సరిగ్గా నూరేళ్ళకు, 1948లో, రాజోలులో యండమూరి వీరేంద్రనాథ్ పుట్టారు. 1980ల్లో యువతను ఊపేసిన ఆయన 'తులసిదళం'లో ఒకపక్క కాష్మోరా, మరోపక్క వైద్యం, హిప్నాటిజం. ఏది నిజమో తేల్చుకునే పని పాఠకుడిదే. ఇదీ వ్యంగ్యమే, గట్టి పనితనం ఉన్నదే. కానీ మంత్రగాడు కాద్రా అడవి పల్లెవాడు. కాష్మోరా ఉందా లేదా అని అనుమానించే నవల, మంత్రగాడు అడవిలోనే ఉంటాడన్న నమ్మకాన్ని మాత్రం అనుమానించదు. పాప ఆస్తి మీద కన్నేసి చేతబడి చేయించినది మైదానం మనుషులే. అయినా పుస్తకం మూశాక భయంగా గుర్తుండేది కాద్రా. సంతలో 'కోయదొర' వేషం చూసి జనం మనల్ని ఏమనుకుంటారో, ఈ నవలలూ అదే అనుకోమంటాయి.

ఇది ఒక్క పుస్తకం సంగతి కాదు. చిల్లంగి పెట్టాడన్న అనుమానంతో ఏజెన్సీలో మనుషుల్ని చంపిన ఘటనలున్నాయి. ఆ చేతులు మనవాళ్ళవే. మైదానం రచయితల్ని తప్పుపట్టి మనం ఊరుకుంటే సగం మాటే అన్నట్టు. కందుకూరి తన ఇంటి మీద చేసిన పని మన ఇంటి మీద మనం చేయాలి.

తరగతిలో ఇలాంటి నవల చదివించే ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కథలో భయం వల్ల ఎవరికి లాభం? నవ్వు ఎవరి మీద పడింది? రచయిత ఎవరి మాటను అనుమానించకుండా వదిలేశాడు?

ఇక రాసే పిల్లలకు ఒక మాట. దయ్యాన్ని పట్టడానికి ఊరంతా దివిటీలతో బయలుదేరే కథ రాయండి. చివరికి ఆ వెలుగులో కనిపించేది, ఒంటరి ముసలమ్మ రెండెకరాల పోడు మీద కన్నేసిన మనిషి కావచ్చు. అతను కొండవాడో మైదానంవాడో దాచకండి.