నకలుకు లొంగని గడియారము

ఒకే తీగపై పలు సంభాషణలను పంపు మల్టిప్లెక్సరును పాఠములలో పెట్టెలు గల రైలుబండితో పోల్చుట పరిపాటి. పోలిక ఇంపైనదే, కాని అసలు చిక్కును దాచును.

సెకనుకు 8,000 సార్లు వెడలు ఒక్కొక్క చట్రములో 32 గడులు, గడికి 8 బిట్లు; వెరసి సెకనుకు 20,48,000 బిట్లు. ఏ గడి ఏ టెలిఫోనుదో తెలుపు పట్టికను ఒక యంత్రమున సిద్ధపరచి వేరొకదానికి నకలు చేయవచ్చును. శ్రమ తగ్గును.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఒకే రైలుమార్గమున వరుసగా నున్నవి. మూడుచోట్ల మూడు యంత్రములు కలవనుకొందము. కొనయగు ధర్మవరమున గడులన్నియు టెలిఫోనులలో ముగియును. ఆ పట్టికనే పెనుకొండకు ఎక్కించినచో హిందూపురపు మాటలు నడుమనే దిగిపోవును. ఈ తప్పు వెంటనే దొరకును. అక్కడ ఫోను మ్రోగదు గదా!

గడియారపు తప్పు అట్టిది కాదు. నకలుతోపాటు పెనుకొండయు సొంత గడియారముతో నడచినచో, రెంటికి పదిలక్షలకు 50 పాళ్ల తేడాయున్నను, సెకనుకు సుమారు 102 బిట్లు పేరుకొనును; రెండున్నర సెకనులకొకమారు 256 బిట్ల చట్రమొకటి జారిపోవును. మాటలో చిటుకుమను చప్పుడే గనుక ఎవరును పట్టించుకొనరు. అదే గడిలో కంప్యూటరు సమాచారము పోవుచున్నచో అది చెడును.

రైలు పోలికనే ఉంచదలచిన ఉపాధ్యాయులు పెట్టెల లెక్కకు ముందే స్టేషను గడియారముల మాట ఎత్తవలెను: పెనుకొండ తన వేళను ధర్మవరము నుండి వచ్చు బిట్లవలననే గ్రహించును.