అనుమానం రాని మనుషులు: థ్రిల్లర్ చిత్రాలలో స్త్రీ, వయసు

థ్రిల్లర్ చిత్రానికి అసలు పెట్టుబడి ప్రేక్షకుడి నమ్మకాలే. ఎవరిని అనుమానించాలి, ఎవరి మీద జాలిపడాలి, ఎవరిని చూసి జంకాలి అన్న లెక్కలు హాల్లోకి అడుగుపెట్టేటప్పటికే అతని మనసులో సిద్ధంగా ఉంటాయి. నిండు గర్భిణి మోసం చేయదు. అమాయకంగా నవ్వే కుర్రవాడు హత్య చేయడు. ముసలితనం వింతగా ప్రవర్తిస్తే ఆశ్చర్యపోనక్కర లేదు. దర్శకుడు ఈ నమ్మకాలను కొత్తగా పుట్టించడు; సమాజంలో ఉన్నవాటినే తీసుకుని వాటి చాటున రహస్యాన్ని దాస్తాడు. కనుక విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రహస్యం బయటపడ్డాక ప్రేక్షకుడు తన లెక్క తప్పని గ్రహిస్తాడా, లేక అదే లెక్కను మరింత గట్టిపరచుకుని ఇంటికి వెళతాడా?

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' ఈ ప్రశ్నకు మంచి ఆరంభం. దీనికి మూలమైన రాబర్ట్ బ్లాక్ నవల అంతకు ముందు ఏడే వచ్చింది. నవలలోని నార్మన్ బేట్స్ నడివయసు స్థూలకాయుడు. హిచ్‌కాక్ ఆ పాత్రకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండని, సన్నగా, బిడియంగా కనిపించే ఆంథొనీ పెర్కిన్స్‌ను ఎంచుకున్నాడు. వయసు మారేసరికి అనుమానం దిశ కూడా మారింది. కొండమీది ఇంట్లోంచి గద్దిస్తూ వినిపించే ముసలితల్లి గొంతు దోషిదయింది. ఆమెకు చాకిరీ చేసే కుర్రవాడు సానుభూతికి పాత్రుడయ్యాడు.

చివరకు తల్లి లేదని, ఆమె శవమే ఉందని, హత్యలు చేసింది కొడుకేనని తెలుస్తుంది. కానీ ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పదేళ్ళ కిందట ఆ తల్లికీ ఆమె ప్రియుడికీ స్ట్రిక్‌నిన్ విషం పెట్టింది నార్మనే. అంటే కథలో కాలక్రమాన చూస్తే ఆమె తొలి హతురాలు. అయినా ముగింపులో మనోవైద్యుడు ఇచ్చే వివరణలో ఆమె కొడుకును పట్టి పీడించిన తల్లిగానే మిగులుతుంది. ఆ వివరణకు ఆధారం నార్మన్ నోట వచ్చిన మాటలే. ఆమె తన మాటగా చెప్పినది చిత్రంలో ఒక్కటీ లేదు. చంపినవాడి సాక్ష్యంతోనే చనిపోయిన స్త్రీ స్వభావాన్ని తేల్చేసిన తీర్పు ఇది. రహస్యం విడిపోయినా 'రాక్షసి తల్లి' అన్న ముద్ర చెరగలేదు.

యాభై అయిదేళ్ళ తర్వాత మనోజ్ నైట్ శ్యామలన్ తీసిన 'ది విజిట్' (2015)లో భయానికి కారణం అమ్మమ్మా తాతయ్యలు. ఇంటితో తెగతెంపులు చేసుకున్న ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను, వాళ్ళు ఎన్నడూ చూడని అమ్మమ్మ, తాతల దగ్గరకు పెన్సిల్వేనియాలోని పొలం ఇంటికి వారం రోజులకు పంపుతుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక గది దాటి రావద్దన్నది ఆ ఇంటి నియమం. చీకటి పడ్డాక అమ్మమ్మ ఒళ్ళు తెలియకుండా తిరుగుతుంది, గోడలు గోకుతుంది. తాత మలమూత్రాలు అంటిన డయపర్లు పాకలో దాచిపెడతాడు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: వయసు మీదపడింది. అమ్మమ్మకు 'సన్‌డౌనింగ్' అని తాత చెబుతాడు. కంప్యూటర్ తెర మీద మాట్లాడే తల్లి కూడా ముసలివాళ్ళు అలాగే ఉంటారని సర్దిచెబుతుంది.

సన్‌డౌనింగ్ కల్పన కాదు. మతిమరుపు వ్యాధి ఉన్నవారిలో కొందరికి పొద్దుగూకే వేళకు కలవరం, ఆందోళన, ఇల్లు విడిచి తిరగాలన్న తపన పెరుగుతాయి. మెదడులోని నిద్రామెలకువల గడియారం దెబ్బతినడం, మసక వెలుతురు, అలసట, నొప్పి, ఆకలి దీనికి దోహదం చేస్తాయి. మంచి వెలుతురు, క్రమబద్ధమైన దినచర్య, పక్కన తెలిసిన మనిషి ఉండటం చాలామందికి ఉపశమనం ఇస్తాయి. చిత్రం ఈ వేదనను తీసుకుని ప్రేక్షకుడిని ఉలిక్కిపడేలా చేయడానికి వాడుకుంది. వృద్ధశరీరపు నగ్నత్వం, ఆపుకోలేని మూత్రం, గుర్తులేని చూపు, అన్నీ జుగుప్సకు సరకులయ్యాయి.

పైగా అసలు రహస్యం ఆ తప్పును దిద్దదు. ఆ ఇద్దరూ నిజమైన అమ్మమ్మా తాతలు కారు. మానసిక చికిత్సాలయం నుంచి తప్పించుకుని, అసలువారిని చంపి, వారి ఇంట్లో చేరినవారు. దీంతో వయసు మీది నింద తొలగినట్టే కనిపిస్తుంది. నిజానికి తొలగలేదు, మానసిక రోగుల నెత్తిన పడింది. తీవ్ర మానసిక రుగ్మతలున్నవారు హింసకు పాల్పడటం కన్నా హింసకు గురికావడమే ఎక్కువ అన్న వాస్తవానికి ఈ కథలో చోటులేదు.

అయితే దర్శకుడు ఉద్దేశించాడో లేదో గాని, ఈ చిత్రం ఒక గట్టి నిజం చెప్పింది. పిల్లలను ప్రాణాపాయంలోకి నెట్టింది ముసలితనం కాదు, "వయసు కదా" అన్న సర్దుబాటు. తెలుగులో ఈ సర్దుబాటుకు 'చాదస్తం' అనే సిద్ధమైన మాట ఉంది. ఉన్నట్టుండి తికమకపడే పెద్దమనిషిలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు, రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చు, వేసుకునే మందులు వికటించి ఉండవచ్చు, ఎప్పుడో జారిపడినప్పుడు తలలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. చాదస్తం అన్న మాటతో ఆ వెతుకులాట మొదలవకుండానే ఆగిపోతుంది. తల్లిదండ్రులను వారానికోసారి ఫోన్ తెర మీద చూసే ప్రవాస కుటుంబాలకు, కెమెరాకు పిండి అంటుకుని అమ్మమ్మ ముఖం కనబడని ఆ చిత్రంలోని కంప్యూటర్ ఒక హెచ్చరికలా తోస్తే తప్పులేదు.

ప్రేక్షకుడి నమ్మకాన్ని ప్రేక్షకుడి మీదికే తిప్పిన చిత్రం సుజయ్ ఘోష్ తీసిన 'కహానీ' (2012). తప్పిపోయిన భర్తను వెతుక్కుంటూ లండన్ నుంచి కోల్‌కతా వచ్చిన విద్యా బాగ్చీ నిండు గర్భిణి. ఆ కడుపును చూసి పోలీసులు కుర్చీ వేస్తారు, దారి ఇస్తారు, రహస్యాలు చెబుతారు. చివరకు ఆ కడుపు కట్టుడు కడుపని తెలిసినప్పుడు మోసపోయింది నేరస్థులొక్కరే కాదు, ప్రేక్షకుడు కూడా. గర్భిణి అంటే రక్షణ కోరే శరీరమే తప్ప పథకం వేసే బుద్ధి కాదనుకున్న తన ఊహ అతనికి ఎదురుగా నిలబడుతుంది. భర్తనూ, కడుపులో బిడ్డనూ నిజంగానే పోగొట్టుకున్న స్త్రీ ఆ శోకాన్నే వేషంగా ధరించింది కనుక ఈ మలుపు గారడీగా తేలిపోదు. ఇందులోనే బాబ్ బిశ్వాస్ అనే కిరాయి హంతకుడు బొజ్జ ఉన్న నడివయసు బీమా ఏజెంటు. నడివయసు సామాన్యుణ్ణి ఎవరూ రెండోసారి చూడరన్నది అతని ఆయుధం.

శేఖర్ కమ్ముల ఈ కథను 2014లో హైదరాబాదుకు తెచ్చి, నయనతారతో 'అనామిక'గా తీసినప్పుడు గర్భాన్ని తొలగించాడు. మూలాన్ని అనుకరించకుండా సొంత దారి వెతకడం దర్శకుడి హక్కే. కానీ గర్భంతో పాటు ప్రేక్షకుడి పొరపాటు కూడా కథలోంచి వెళ్ళిపోయింది. అతను ఆమె మీద జాలిపడగలడు. తన జాలిని తానే శంకించుకునే అవకాశం మాత్రం పోయింది.

అదే ఏడాది శ్రీప్రియ దర్శకత్వంలో వచ్చిన 'దృశ్యం'లో వయసు లెక్క పాత్రల ఎంపికలోనే కనిపిస్తుంది. అప్పటికి వెంకటేశ్‌కు యాభై మూడేళ్ళు. అతని భార్యగా నటించిన మీనా పదిహేనేళ్ళకు పైగా చిన్నది. పోలీసు అధికారి గీతా ప్రభాకర్‌గా నటించిన నదియా కూడా వెంకటేశ్ కన్నా చిన్నదే. ఆమె అంతకు ముందు ఏడు 'మిర్చి'లో, తనకన్నా పదమూడేళ్ళు మాత్రమే చిన్నవాడైన ప్రభాస్‌కు తల్లి. మన తెర మీద మగవాడి వయసు అతని సొంత విషయం. స్త్రీ వయసు ఆమె పాత్రనే నిర్ణయిస్తుంది.

అయినా గీత పాత్ర ఈ చట్రాన్ని కొంత బద్దలుకొట్టింది. రాంబాబు అల్లిన అబద్ధం ఎలా పనిచేసిందో పసిగట్టే బుద్ధి ఆమెదే. కన్నకొడుకు కోసం వెతికే తల్లి ఆమెను మించినది కథలో లేదు. కానీ ప్రేక్షకుడి మనసు మొదటినుంచీ మరో కుటుంబం వైపు ఉంది కనుక ఆమె తెలివి అతనికి ప్రమాదంలా, ఆమె దుఃఖం కాఠిన్యంలా కనిపిస్తాయి. అమాయకుల మీద చేయి పడుతుంటే ఆపని అధికారిగా ఆమె దోషి కూడా. పదవి వదిలి, కొడుకు ఏమయ్యాడో తెలుసుకోవాలని మామూలు తల్లిగా వచ్చి నిలబడ్డ ముగింపులో మాత్రం, అంతసేపూ ఆమె ఓటమిని కోరుకున్న ప్రేక్షకుడు తలదించుకోవలసి వస్తుంది. ఆ ఒక్క ఘట్టం చిత్రాన్ని సాధారణ ఎత్తులు పైఎత్తుల కథల నుంచి వేరుచేసింది.

మంచి థ్రిల్లర్ హంతకుడెవరో చెప్పి ఊరుకోదు. తాను ఎవరిని ఎందుకు అనుమానించాడో, ఎవరిని ఎందుకు అనుమానించలేదో ప్రేక్షకుడికి తెలియజేస్తుంది. ఆ తెలివిడి హాలు దాటి ఇంటిదాకా వస్తే, గర్భిణి మాటను, నడివయసు స్త్రీ కోపాన్ని, సాయంత్రం వేళ పెద్దవాళ్ళ కలవరాన్ని మరొక్కసారి శ్రద్ధగా గమనించే మనుషులు పెరుగుతారు.