ఏటికొప్పాక: తిరిగే కర్రకు రంగు పట్టించే విద్య

విశాఖపట్నం నుంచి తుని వైపు వెళ్లే జాతీయ రహదారి మీద అనకాపల్లి, ఎలమంచిలి దాటి, అడ్డరోడ్డు దగ్గర లోపలికి తిరిగితే ఏటికొప్పాక చేరతాం. నగరానికి సుమారు 65 కిలోమీటర్లు. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా విశాఖ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. పక్కనే వరాహ నది, చుట్టూ చెరకు తోటలు, దూరంగా కొండలు. ఏటి ఒడ్డు అందం సరే, ఈ ఊరికి పేరు తెచ్చింది మాత్రం లక్కబొమ్మలు. చూడటానికి వెళ్లినవాళ్లు దుకాణం దగ్గరే ఆగిపోకుండా, బొమ్మ తయారయ్యే చోటికి వెళ్లాలి. దాని విలువ తెలిసేది అక్కడే.

పని మొదలయ్యేది అంకుడు కర్రతో. తెల్లగా, మెత్తగా ఉండే ఈ కర్ర ఉలికి తేలిగ్గా లొంగుతుంది, నునుపు తేలుతుంది. కొట్టిన కర్రను బాగా ఆరనిస్తారు. లోపల తడి మిగిలితే బొమ్మ తర్వాత బీటలిస్తుంది, లక్క కూడా సరిగా పట్టదు.

లక్క ఒక రకం పురుగులు చెట్ల కొమ్మల మీద స్రవించే బంక. దాన్ని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీస్తూ మడుస్తూ మళ్లీ సాగదీస్తారు. రంగు అంతటా సమంగా కలిసేదాకా ఆ పని ఆగదు. ఆ తర్వాత కడ్డీలుగా చేసుకుంటారు.

అసలు విద్య లేత్ దగ్గర కనిపిస్తుంది. గిర్రున తిరుగుతున్న కర్రను ఉలితో చెక్కి ఆకారం తెచ్చాక, లక్క కడ్డీని దానికి ఆనించి అదిమి పడతారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. కుంచెతో పని లేదు. వెంటనే మొగలి ఆకుతో ఒత్తి పట్టి రుద్దితే రంగు సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. ఎంత గట్టిగా అదమాలో, ఎప్పుడు చెయ్యి తీయాలో చెప్పేది చేతి అనుభవమే. కుంకుమభరిణె మూత తీసి పెట్టి చూడండి: బిగుసుకోదు, వదులుగా ఊగదు. ఆ అమరిక వెనుక ఏళ్ల సాధన ఉంది.

కొండపల్లి బొమ్మల పద్ధతి వేరు: అక్కడ తెల్లపొణికి కర్రను చెక్కి, ముక్కలు అతికి, కుంచెతో రంగులు వేస్తారు. ఇక్కడ లేత్ మీద పుట్టేవి గుండ్రటి ఆకారాలే. బొంగరం, లక్కపిడతలు సహజంగానే ఆ రూపంలో ఒదుగుతాయి. ఏనుగునూ పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్లనూ కూడా గుండ్రాలుగా విడదీసి ఊహించుకుని, ఆ ముక్కలను జోడించి నిలబెట్టడంలో ఈ కళాకారుల ప్రతిభ ఉంది.

ఒక దశలో రసాయన రంగులు వచ్చి పాత పద్ధతిని పక్కకు నెట్టాయి. చవకగా దొరికేవి, పని త్వరగా తెమిలేది. కానీ పసిపిల్లలు బొమ్మను చేత్తో పట్టుకుని ఊరుకోరు, నోట్లో పెట్టుకుంటారు. అందుకే సహజ రంగుల వైపు మళ్లడం అవసరమైంది. ఆ ఊరివారే అయిన సి.వి. రాజు పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతుల మీద ఏళ్ల తరబడి పనిచేసి, కళాకారులను ఆ దారిలో కూడగట్టారు. పసుపు, నీలి కలిస్తే ఆకుపచ్చ వస్తుంది. రాజు కృషికి 2023లో పద్మశ్రీ దక్కింది. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే కదిలి, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి గెలిచింది.

గౌరవాలు వచ్చాయి కాబట్టి కళ నిలిచిపోతుందని అనుకోకూడదు. అంకుడు చెట్టు లేనిదే ఈ పనే లేదు. నరికిన మోడు నుంచి మళ్లీ చిగుర్లు వేసే చెట్టు అది. ఎదగనిచ్చి కొట్టుకుంటే తరతరాలకు సరిపోతుంది, కొత్త మొక్కలు నాటడమూ అంతే ముఖ్యం. కొనేవాళ్ల బాధ్యత కూడా ఉంది. సహజ రంగులేనా అని అడగండి, ప్లాస్టిక్ బొమ్మ ధరతో పోల్చి బేరమాడకండి. మీరిచ్చే డబ్బులో ఆరబెట్టిన కాలం, లక్క కాచిన శ్రమ, ఉలి పట్టిన చేతి నేర్పు కలిసి ఉన్నాయి. ఆ ధర గిట్టుబాటైతేనే తండ్రి పక్కన కూర్చుని కొడుకో కూతురో లేత్ పని నేర్చుకుంటారు. సంక్రాంతి బొమ్మల కొలువులో వీటికి చోటివ్వండి, పండగ అయ్యాక అటక ఎక్కించకుండా పిల్లల చేతికివ్వండి. ఆడుకోవడానికి పుట్టిన బొమ్మలివి.