తెగిన పోగు ఎక్కడ?

గద్వాలలో మగ్గముల చప్పుడు వినబడు మా వీధి అరుగుమీద కూర్చుండి ఇరుగుపొరుగువారికి అర్జీలు వ్రాసిపెట్టుట నాకు చిరకాలపు అలవాటు. పూర్వము కాదన్నవాడు మనుష్యుడు గనుక, ఏల కాదంటివని వానినే అడుగుటకు వీలుండెడిది. ఇప్పుడు కంప్యూటరు ఒప్పుకొనలేదని చెప్పి గుమస్తా ఊరకుండగా, ఆ నిర్ణయమునకు కారణమేమో అర్జీదారునకు తెలియజెప్పుటయే నా పనిలో దుష్కరమైన భాగమైనది.

కొన్నేండ్ల క్రిందట ఒక నేతకుటుంబపు ఇల్లాలు సహాయమునకై పెట్టుకొన్న దరఖాస్తు తిరిగివచ్చినది. చీటీమీద ‘అనర్హులు’ అన్న ఒక్క మాట తప్ప మరేమియు లేదు. నాలుగుమార్లు తిరిగి విచారింపగా, ఆమె భర్త పేరే గల వేరొకని కారు ఆమె ఇంటి లెక్కలో చేరినదని తేలినది.

“మాకు కారెక్కడిది సార్, సైకిలు గూడ లేదు” అని ఆమె నివ్వెరపోయినది. నేను ఆ లెక్క నడిచిన తీరంతయు చెప్పబోగా వారించి, “పోగు తెగితే యాడ తెగిందో సూసి అతుకుతం గద సార్, చీరంత ఇప్పుతమా?” అన్నది.

ఆ మాటనే శాస్త్రభాషలో చెప్పినవాడు మన తెలుగువాడే. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు కంభంపాటి సుబ్బారావు, యంత్రములు తమంత తాము కార్యప్రణాళికలు రచించుకొను శాస్త్రమున ప్రసిద్ధుడు. యంత్రము తన తర్కమును తానే వల్లించుకొనుట నాటకములోని స్వగతము వంటిదనియు, వినువాని మనస్సులోని లోకమునకును, యంత్రము నమ్మిన లోకమునకును భేదమెచ్చటనున్నదో కనిపెట్టి ఆ భేదమును తీర్చుటయే నిజమైన వివరణమనియు ఆయనయు ఆయన శిష్యులును 2017లో ఒక పరిశోధనపత్రమున ప్రతిపాదించిరి. నా అనుభవముచే దీనికొక్కటి చేర్చుదును: దిద్దుకొనవలసినది ఎల్లప్పుడు వినువాడే కాదు, పెక్కుమార్లు యంత్రమే.

వనపర్తి సీమలోని రంగసముద్రము, నాగర్‌కర్నూలు కేసరిసముద్రము వంటి చెరువుల క్రింద నీటివంతు నిర్ణయించు నీరడి, భేదమెచ్చటనున్నదో చూపు ఈ విద్య నెరిగినవాడు. వంతు తప్పినదేమని రైతు అడిగినచో, వానిని వెంటబెట్టుకొని తూముకడకు పోయి నీటిమట్టము చూపెడివాడు. రైతు కోపము తీరినను తీరకున్నను, కారణము కంటికి కనబడెడిది. నీరడి పొరపడియుండినచో అదియును అక్కడనే బయటపడెడిది.

ఇక కంప్యూటరు లెక్క సంగతి: తెలంగాణలో పలుశాఖల వివరములను పేర్లు, చిరునామాల పోలికతో జతపరచు ‘సమగ్ర వేదిక’ ఆధారముగా కుటుంబముల అర్హతను నిర్ణయించుట జరిగినది. రాష్ట్రమున రద్దయిన సుమారు 19 లక్షల రేషనుకార్డులను క్షేత్రస్థాయిలో మరల పరిశీలింపవలెనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఒక్కొక్క కార్డు వెనుక ఒక్కొక్క పొయ్యి కలదని తలచుకొనినప్పుడు నాకు మనస్సు నిలువదు.

కనుక ఇట్టి యంత్రములను నిర్మించువారికి నా విన్నపము: తిరస్కారపు చీటీమీద ‘అనర్హులు’ అన్న ఆ ఒక్క మాట క్రింద మరి మూడు పంక్తులు తెలుగులో అచ్చువేయుడు. ఏ శాఖ లెక్కను నమ్మితిరి, అందేమి కనబడినది, అది తప్పైనచో ఎవరికి, ఎన్నాళ్ళలోపల చెప్పుకొనవలెను. చదువురానివారికి దానిని చదివిపెట్టుటకు నావంటివారు ప్రతి ఊరనున్నారు.