స్టిక్కర్ కింద ఏముంది?

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్ల లెక్కలు చాలావరకు ఇప్పుడు కంప్యూటర్లోనే. సీజన్లో అది నత్తనడక నడిచిందంటే నల్లపాడు మెకానిక్కుకు ఫోను వెళ్తుంది. నాలుగు జీబీ ర్యామే ఉంటే ఇంకో నాలుగు వేయమంటాడతను. బేరం అక్కడే మొదలవుతుంది. "కంపెనీదైనా లోకల్‌దైనా నాలుగు జీబీలే కదా తమ్ముడూ, ఇంత తేడా ఎందుకు?"

న్యాయమైన ప్రశ్నే. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ఎక్కువగా తయారయ్యేది మూడే కంపెనీల్లో: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. 1987లో కాలిఫోర్నియాలో పుట్టిన కింగ్‌స్టన్ కూడా చిప్పులు కొనుక్కొచ్చి బోర్డుకెక్కించి అమ్మేదే.

తేడా వడపోతలో ఉంది. ఒకే ఫ్యాక్టరీలో తయారైనా చిప్పులన్నీ ఒక్క తీరున ఉండవు. పరీక్షలో వెనకబడ్డవీ, పాత బోర్డుల నుంచి ఊడదీసినవీ చౌక ర్యాముల్లోకి చేరుతుంటాయి. అన్నిట్లోకీ కాదు. కానీ ఏ దాంట్లో ఉన్నాయో పైనున్న స్టిక్కర్ చెప్పదు. లూజు విత్తనాలు కొన్న పత్తి రైతుకు ఈ బాధ కొత్త కాదు; మొలక రాకపోతే నిలదీయడానికి లాట్ నంబరైనా ఉండదు.

ర్యామ్ పూర్తిగా చచ్చిపోతే నయం, తెలిసిపోతుంది. ఒక్క బిట్టు తారుమారై లెక్క నడుస్తూనే ఉంటే? గూగుల్ సర్వర్లను పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. సర్వర్లలో వాటిని పట్టి సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. కొట్లో కంప్యూటర్‌కు మామూలుగా అది ఉండదు.

అందుకే పనితెలిసిన మెకానిక్కు డబ్బా చూడడు, చిప్పు మీది అక్షరాలు చూస్తాడు. అరగదీసి మళ్లీ అచ్చేసినట్టుంటే పక్కన పెట్టేస్తాడు. బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్ది, స్లాటులో దుమ్ము ఊది, టక్కుమనేదాకా నొక్కుతాడు. ఆపై ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం రాత్రంతా నడుస్తుంది. ఒక్క తప్పు చూపినా ఆ ర్యామ్ వాపసే.

ఈ పరీక్షకు నిలిస్తే పాలిటెక్నిక్ కుర్రాడి ప్రాక్టీసు కంప్యూటర్‌కు పేరులేనిదైనా చాలు. రైతుల పట్టీలు రాసే కంప్యూటర్‌కు మాత్రం వారంటీ ఉన్న కంపెనీదే వేయాలి. ర్యామ్ మీద మెరిసే రంగుల లైట్లకు పెట్టే డబ్బు రెండుచోట్లా దండగే.

ఏఐ డేటా సెంటర్లు చిప్పుల్ని ఊడ్చుకుపోతుండటంతో ర్యామ్ ధరలు ఎగబాకాయి. మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండు నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇప్పటికే అమ్మిన వాటికి వారంటీ కొనసాగుతుందని కూడా చెప్పింది. క్రూషియల్ ర్యామ్ కొన్నవాళ్లు బిల్లు పారేయకుండా దాచుకోవాలి.